మా కొళాయి నీళ్లు: తెల్ల పెచ్చు చెప్పేది, చెప్పనిది

సంక్రాంతి సెలవులకి ఇంటికి పోతే అమ్మ న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి నా చేతికిచ్చింది. అరిసెలేమో అనుకుని ఆశగా విప్పా. లోపల బకెట్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు ఉంది. దాని చుట్టకి అన్ని వైపులా మూడేసి మిల్లీమీటర్ల మందాన తెల్లటి పెచ్చు కట్టి ఉంది. రెండేళ్లలో ఇది మూడో రాడ్డు.

"ఇంజినీరింగ్ చదువుతాండావు కదరా, ఇది ఎందుకు కాలిపోతాందో చెప్పు" అంది.

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. ఆ మాట అమ్మ దగ్గర చెల్లదు. ఇంజినీరింగ్ అంటే ఇంజినీరింగే, ఫ్యాన్ అయినా రాడ్డు అయినా బాగు చెయ్యాల్సిందే. సరే చూస్తాలే అని పక్కన పెట్టబోతే అసలు విషయం అప్పుడు బయటపడింది. వారం ముందు ఒకాయన నీళ్లు శుద్ధి చేసే మెషిన్ అమ్మడానికి మా వీధిలోకి వచ్చాడంట. మా ఇంట్లో ఈ రాడ్డునే పట్టుకుని, "ఇనుముకే ఇట్ల పట్టిందంటే మనిషికి ఎట్ల పడుతుందో చూడండమ్మా. అవ్వ మోకాళ్లలో పేరుకునేది ఇదే" అన్నాడంట. మా అవ్వకి డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పితో మెట్టు ఎక్కలేదు. అమ్మ 17,000 రూపాయల మెషిన్‌కి 5,000 అడ్వాన్సు ఇచ్చేసింది. టమోటాకి రేటు వచ్చినప్పుడు పక్కన పెట్టిన డబ్బు అది.

అందుకని ఈ వ్యాసం. మీలో చాలామంది ఊళ్లలో కూడా కెటిల్ అడుగున, గీజర్ లోపల, షవర్ చిల్లుల్లో ఇదే తెలుపు ఉంటుంది. అది ఏమిటి, దాని వల్ల నిజంగా ఏం పాడవుతుంది, ఏం పాడవదు అన్నది సెలవులు అయ్యాక కాలేజీలో కొంచెం గట్టిగా చదివా. తెలుగులో రాయడం నాకు కష్టమే, చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం. హార్డ్ వాటర్ అంటే తెలుసు గానీ, 'కఠిన జలం' అన్న మాట మా అత్తకూతురి పాత పుస్తకంలో చూసే నేర్చుకున్నా.

ముందు ఊరి గురించి. కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉంటుంది తనకల్లు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఊరి పేరు చెబితే హాస్టల్లో అందరూ కల్లు కుండ గుర్తు తెచ్చుకుని నవ్వుతారు. కన్నడంలో కల్లు అంటే రాయి. కర్ణాటక మాకు దగ్గరే కాబట్టి నేను ఆ అర్థమే చెప్పుకుంటా. నీళ్ల విషయానికి వస్తే ఆ అర్థమే సరిపోతుంది కూడా.

మా కింద ఉన్నది గ్రానైటు, నైస్ అనే అతి పాత గట్టి రాళ్లు. ఇసుక నేలలా నీళ్లు పీల్చుకుని దాచుకోవు. రాయి పగుళ్లలో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. అనంతపురం ప్రాంతానికి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడిన కొంచెం వాన మట్టిలోకి దిగేటప్పుడు వేర్ల దగ్గరుండే కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. సోడా నీళ్లలో ఉండే పులుపే, చాలా పలచగా. ఆ పులుపు నీళ్లు రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను, ఎర్రమట్టి కింద తగిలే సున్నపు గడ్డలను మెల్లగా కరిగించుకుంటాయి. వానలు ఎక్కువుండే చోట కొత్త నీళ్లు వచ్చి పాతవాటిని తోసేస్తాయి. మా దగ్గర ఆ తోసే నీళ్లే తక్కువ. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి ఉండి, రాయిని కరిగించుకుంటూ కూర్చున్న నీళ్లని మనం వందల అడుగుల బోరు వేసి పైకి లాగి ట్యాంకులో పోసి కొళాయిలో వదులుతాం.

ఇప్పుడు రాడ్డు దగ్గరికి వద్దాం. చక్కెర చల్లటి నీళ్లలో కంటే వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది. మనకి అన్నీ అట్లే అనిపిస్తుంది. సున్నం దీనికి తలకిందులు. నీళ్లలో అది కాల్షియం బైకార్బొనేట్ రూపంలో కంటికి కనపడకుండా కరిగి ఉంటుంది. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. అది నీళ్లలో దాదాపు కరగదు, పైగా వేడి పెరిగేకొద్దీ ఇంకా తక్కువ కరుగుతుంది. బకెట్ మొత్తంలో అన్నిటికంటే వేడిగా ఉండేది రాడ్డు చర్మం. కాబట్టి సున్నం పోయి సరిగ్గా అక్కడే అతుక్కుంటుంది. పెచ్చు ఎప్పుడూ వేడి పుట్టే చోటే పడటానికి కారణం ఇది.

ఎంత పడుతుంది? కఠినత్వాన్ని లీటరుకి ఇన్ని మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని చెబుతారు. నీళ్లలో ఉన్నది మెగ్నీషియం అయినా, క్లోరైడ్ అయినా, సల్ఫేట్ అయినా అన్నిటినీ కాల్షియం కార్బొనేట్‌గా మార్చి లెక్కేస్తారు. మన భాషలో చెప్పాలంటే టైప్ కాస్టింగ్. దాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే దాని అణుభారం 100, లెక్క సులువు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం 200 దాకా మంచిది, వేరే నీళ్ల దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు.

లెక్క కోసం 500 ఉన్న నీళ్లు తీసుకుందాం. అందులో 300 కాస్తే విడిపోయే రకం అనుకోండి. దీన్నే తాత్కాలిక కఠినత్వం అంటారు. 20 లీటర్ల బకెట్లో అది 6 గ్రాములు. స్నానానికి మనం మరిగించం కాబట్టి మూడో వంతు మాత్రమే విడిపోయింది అనుకున్నా బకెట్‌కి 2 గ్రాములు. ఇంట్లో నలుగురికి నాలుగు బకెట్లు. నెలకి దాదాపు పావు కిలో సున్నం! కొంత పొడిగా అడుక్కి దిగుతుంది, కొంత స్నానంలో మన మీదికే వస్తుంది, మిగిలింది రాడ్డుకి పడుతుంది. నేను ఈ లెక్క వేసి చూపించేదాకా మా నాయన నమ్మలేదు. తర్వాత కూడా పూర్తిగా నమ్మలేదులెండి.

రాడ్డు ఎందుకు కాలిపోతుంది అన్నది ఇంకా బాగుంటుంది. 1500 వాట్ల రాడ్డు గొట్టాన్ని విప్పి చాపితే ఒక మీటరు, మందం 8 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని చర్మం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి 6 వాట్ల వేడి బయటికి పోవాలి. సున్నం వేడిని సరిగ్గా పోనివ్వదు. రాగితో పోలిస్తే వంద రెట్లకు పైగా మొండిది. నా లెక్కలో ఒక మిల్లీమీటరు పెచ్చు దాటాలంటే రాడ్డు చర్మం నీళ్లకంటే అదనంగా 25 నుంచి 50 డిగ్రీలు వేడెక్కాలి. మూడు మిల్లీమీటర్లకి వందకు అటూ ఇటూ. లోపలి తీగ దానికంటే వేడిగా ఉంటుంది. రోజూ అట్ల కాగి, చల్లారి, ఏదో ఒక పొద్దున పుటుక్కుమంటుంది.

ఇక్కడ అందరూ చెప్పే ఒక మాట సరిచెయ్యాలి. "సున్నం పడితే కరెంటు బిల్లు డబుల్ అవుతుంది" అంటారు. నేను కూడా ముందు అదే రాశా, తర్వాత కొట్టేశా. రాడ్డు మొత్తం నీళ్లలో మునిగి ఉంది. పెచ్చు అడ్డమొచ్చినా వేడికి నీళ్లలోకి తప్ప వేరే దారి లేదు. ఆలస్యమైనా అక్కడికే పోతుంది. కరెంటు పెద్దగా వృథా కాదు, రాడ్డు ప్రాణం పోతుంది, అంతే. గ్యాస్ పొయ్యి మీద గిన్నె అయితే వేరు, అడుగున పెచ్చు కడితే మంట వేడి పక్కలకి జారి గాల్లోకి పోతుంది. అమెరికాలో బ్యాటెల్ అనే సంస్థ 2009లో గీజర్ల మీద చేసిన పరీక్షల్లో కూడా కఠిన జలానికి గ్యాస్ గీజర్ల పనితనం పడిపోయింది, కరెంటు గీజర్లది నిలబడింది.

వాషింగ్ మెషిన్ సంగతి. మాది నీళ్లు కాచే హీటర్ లేని రకం. కాబట్టి లోపల పెచ్చు కట్టేది తక్కువ. వెనకాల నీళ్లు వచ్చే పైపు దగ్గర చిన్న జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోతుంది. విప్పి కడిగితే చాలు. అసలు నష్టం సబ్బుది. సబ్బు కాల్షియంతో కలిస్తే నురగ రాదు, తెల్లటి జిగట ముద్దగా విరిగిపోతుంది. లీటరుకి 500 ఉన్న నీళ్లు ఒక బకెట్ తీసుకుంటే, ఆ కాల్షియం, మెగ్నీషియం అన్నీ విరగడానికే సుమారు 60 గ్రాముల సబ్బు కావాలి. ఆ తర్వాత వేసిన సబ్బుకే నురగ. బిళ్లలో దాదాపు సగం మురికిని ముట్టుకోకుండానే పోయింది! బట్టల పొడి సబ్బు కాదు, డిటర్జెంట్, అందుకని కాస్త తట్టుకుంటుంది. అయినా టవల్ ఆరాక అట్టలా నిలబడుతుంది.

ఈ భాగం అవ్వకి చెబితే నవ్వింది. "మా కాలంలో చాకలోళ్లు చవుడు మన్ను వేసి బట్టలు ఉడకేసేటోళ్లు. నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నా తెల్లగా వచ్చేటివి" అంది. చవుడు మన్నులో ఉండేది ఎక్కువగా సోడియం కార్బొనేట్, ఇప్పుడు కొట్లో దొరికే చాకలి సోడా కూడా అదే. అది నీళ్లలోని కాల్షియాన్ని ముందే కార్బొనేట్‌గా విడదీసి కింద పడేస్తుంది, తర్వాత సబ్బు తన పని తను చేసుకుంటుంది. కాచినా పోని శాశ్వత కఠినత్వాన్ని తీయడానికి మా కెమిస్ట్రీ పుస్తకంలో ఇచ్చిన పద్ధతి ఇదే. నాలుగు మార్కుల ప్రశ్న.

ఇంకొకటి కూడా అవ్వే చెప్పింది. బోరు నీళ్లకి కందిపప్పు ఉడకదు, అందుకే పప్పుకి, టీకి వేరే నీళ్లు పట్టుకుంటారు. నేను మూఢనమ్మకం అనుకునేవాణ్ని. పప్పు గింజలో కణాలని అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం, అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. కాల్షియం వచ్చి పెక్టిన్‌ని ఇంకా గట్టిగా ముడేస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే ఆ ముడి వదులవుతుంది. మన వంటింట్లో కఠినత్వం కొలిచే మీటర్ కందిపప్పే అన్నమాట.

సెలవులయ్యాక మా ఊరి నీళ్లు ఒక బాటిల్ పట్టుకొచ్చి, కెమిస్ట్రీ మేడంని బతిమాలి ల్యాబ్‌లోకి పోయా. మీరందరూ ఫస్ట్ ఇయర్లో చేసిన ఈడీటీఏ టైట్రేషనే. 20 మి.లీ. నీళ్లు, అమ్మోనియా బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టి రెండు చుక్కలు. ద్రాక్ష ఎరుపు రంగు నీలం అయ్యేదాకా బ్యూరెట్ తిప్పడం. 1940లలో జ్యూరిక్‌లో ష్వార్జెన్‌బాఖ్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి ఇది. 0.01 మోలార్ ద్రావణం అయితే ఒక మి.లీ.కి ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్ లెక్క. 20 మి.లీ. నీళ్లకి 10 మి.లీ. పడితే లీటరుకి 500. పోయినేడు ఇదంతా రికార్డు నింపడం కోసం చేశా, పక్కవాడి రీడింగ్ చూసి రాసినట్టు కూడా గుర్తు. ఈసారి మాత్రం చుక్క చుక్కకీ గుండె కొట్టుకుంది. హాస్టల్ నీళ్లు తొందరగానే నీలమయ్యాయి. మా ఊరివి ఎంతకీ కావు. బాటిల్లో సగం ముందే కాచి చూడటానికి వాడేశా, కాచి వడగట్టిన నీళ్లకి బాగా తక్కువ పట్టింది. అంటే మా నీళ్లలో కాస్తే విడిపోయే భాగం గట్టిగానే ఉంది, రాడ్డు సాక్ష్యం నిజమే. రెండు రీడింగులు ఒకేలా వస్తేనే నంబర్ రాయాలని రూల్. నాకు ఒకటే మిగిలింది, అందుకే ఇక్కడ నంబర్ రాయట్లేదు.

అది అయ్యాక మేడం ఒక మాట అడిగింది. "సరే, కఠినత్వం చూశావు. ఫ్లోరైడ్ చూశావా?"

అక్కడ ఆగిపోయా. మా ఇళ్లలో 'ఉప్పునీళ్లు' అనే ఒక్క మాటలో మూడు వేరు వేరు సంగతులు కలిపేస్తున్నాం అని అప్పుడు అర్థమైంది. ఒకటి కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం. పెచ్చు కట్టేది, సబ్బు తినేది, పప్పు ఉడకనివ్వనిది ఇదే. రెండోది మొత్తం కరిగిన లవణాలు, టీడీఎస్. నాలుకకి ఉప్పగా తగిలేది, గీజర్ ట్యాంకుని తుప్పు పట్టించేది. గీజర్ లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి పెడతారు, ట్యాంకు బదులు అది అరిగిపోవడానికి. ఉప్పు నీళ్లలో అది తొందరగా అయిపోతుంది, మార్చాలని మనకి ఎవరూ చెప్పరు. మూడోది ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, రుచి లేదు, పెచ్చు కట్టదు, ఏ మెషిన్‌నీ పాడు చెయ్యదు. పాడు చేసేది పళ్లని, ఎముకలని.

మన తెలుగు ప్రాంతాలకి ఇది కొత్త కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు వైపు పల్లెల్లో, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోవడాన్ని డాక్టర్లు రాశారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి మన నల్గొండ పేరే వచ్చింది. అనంతపురం జిల్లా కూడా ఫ్లోరైడ్ ఉన్న జిల్లాగా పేరున్నదే. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా పల్లెలకి నీళ్లిచ్చింది కదా, దానికి పెన్న అహోబిలం, చిత్రావతి రిజర్వాయర్ల నీళ్లు తీసుకున్నారు. రాతి పగుళ్లలో ఏళ్లు కూర్చోని నీళ్లు అవి.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి. కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ ఒకే నీళ్లలో ఎక్కువ మోతాదులో కలిసి ఉండలేవు, కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతాయి. అంటే నీళ్లలో కాల్షియం తగ్గేకొద్దీ ఫ్లోరైడ్ పెరగడానికి చోటు దొరుకుతుంది. సబ్బు బాగా నురగొచ్చే, రాడ్డుకి పెచ్చు కట్టని బోరులోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు! అలాగని పెచ్చు కట్టే నీళ్లు క్షేమం అనీ చెప్పలేం. లెక్క వేస్తే లీటరుకి 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నా ఫ్లోరైడ్ 2 దగ్గర దాకా కరిగి ఉండగలదు, ప్రమాణం చూస్తే 1 దాకా మంచిది, 1.5 ఆఖరి గీత. మొత్తానికి తెల్ల పెచ్చుని చూసి ఫ్లోరైడ్ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

కఠినత్వం వల్ల ఆరోగ్యానికి చెరుపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ హద్దూ పెట్టలేదు. నీళ్లలోని కాల్షియం మన ఒంట్లోకి పోయి రాడ్డుకి పట్టినట్టు మోకాళ్లకి పట్టదు, మన ఒళ్లు గీజర్ కాదు. డెబ్బై ఏళ్ల మోకాళ్లు అరగడానికి నీళ్లతో పనిలేని కారణాలు చాలా ఉన్నాయి, అది డాక్టర్ చూడాల్సింది. కానీ ఫ్లోరైడ్ ప్రశ్న మాత్రం ప్రశ్నే. ఇంట్లో అమ్మ ఏం చేస్తోందో తెలుసా? ఆ అమ్మకం మనిషి వచ్చిపోయినప్పటి నుంచి తాగే నీళ్లన్నీ కాచి చల్లారుస్తోంది. గిన్నె అడుగున తెల్లగా కనపడితే "చెడంతా అడుక్కి దిగింది" అని సంతోషం. దిగింది సున్నం. క్రిములు కూడా చస్తాయి, అది మంచిదే. ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీళ్లు ఆవిరైన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది.

ఆ అమ్మకం సంగతి కూడా చెప్పేస్తా, మీ ఇళ్లకీ వస్తారు. ఆయన రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో మా కొళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆయన తెచ్చిన నీళ్లు. రెండింట్లో కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు చెత్త రంగులో ముద్ద కట్టాయి, ఆయనవి తేటగా ఉన్నాయి. చూసినవాళ్లెవరైనా భయపడతారు. ఆ ముద్ద నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుము. లవణాలున్న నీళ్లు కరెంటుని పోనిస్తాయి, ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్‌వో నీళ్లలో లవణాలు లేవు, కరెంటు పోదు, ఏమీ జరగదు. అది టీడీఎస్ పరీక్ష అంటే అనుకోవచ్చు, మురికి పరీక్ష మాత్రం కాదు.

మిగతా డబ్బు కోసం ఆయన మళ్లీ వచ్చిన రోజు నేను హాస్టల్ నుంచి వీడియో కాల్‌లో ఉన్నా. అమ్మ పాఠం నేర్చుకుని ఉంది.

"సార్, ఆ ఆట ఇంకోసారి చూపీయప్పా, మా ఆయన చూడలేదు" అంది. ఆయన గ్లాసులు సర్దాక, ఆయన తేట నీళ్లలో చిటికెడు వంట ఉప్పు వేసింది. అవీ చెత్త రంగుకి తిరిగాయి.

"ఉప్పు వేస్తే అట్లనే అవుతాదమ్మా."

"మా నీళ్లలో ఉప్పుందని నాకు తెలుసు కదప్పా. మురికి ఏదీ?"

అడ్వాన్సులో 3,000 వెనక్కి వచ్చాయి. 2,000 రూపాయలు ఇంకా రాలేదు.

ఇక రాడ్డు. ఇందులో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సెలవుల్లో ఇంకా ఇదంతా చదవకముందు, పెచ్చు పోగొడదామని కొత్తగా కొన్న రాడ్డుకి బాత్రూం యాసిడ్ పోశా. బుసబుస పొంగింది, పది నిమిషాల్లో తళతళా మెరిసింది. ఇంట్లో హీరో అయిపోయా. మూడో రోజు బకెట్లో వేలు పెడితే జిల్లుమంది. చెప్పులు వేసుకుని ఉన్నా కాబట్టి సరిపోయింది. ఆ యాసిడ్ సున్నంతో ఆగదు, లోహపు తొడుగుని కూడా తినేస్తుంది, సన్నటి చిల్లు పడితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. దయచేసి ఎవరూ చెయ్యకండి. అమ్మ ఆ రాడ్డుని విరిచి పారేసింది, నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది, పులిహోరలోకి వాడతారే, అదే సిట్రిక్ యాసిడ్. ప్లగ్ తీసేసి, ఒక లీటరు గోరువెచ్చటి నీళ్లకి రెండు చెంచాలు కలిపి, రాడ్డు చుట్ట మునిగేలా అరగంట ఉంచితే పెచ్చు మెత్తబడి వస్తుంది. పూర్తిగా కడిగి, ఆరాకే మళ్లీ వాడాలి. కెటిల్‌కి కూడా ఇదే. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఏ యాసిడ్‌నీ కలపకూడదు, విషవాయువు వస్తుంది. పెచ్చు మందంగా కట్టేదాకా ఆగకుండా చలికాలంలో పదిహేను రోజులకోసారి చేస్తే సులువు. గీజర్ ఉన్నవాళ్లు దాని వేడిని చివరిదాకా తిప్పకుండా 50, 55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే పెచ్చు బాగా తగ్గుతుంది. పైపుకి తగిలించే అయస్కాంతం గురించి మా నాయన అడిగాడు. కాల్షియాన్ని అది నీళ్లలోంచి తియ్యదు, ఆ డబ్బుకి రెండు రాడ్లు వస్తాయి అని చెప్పా. ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ నిజంగానే పని చేస్తుంది. కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది. కాబట్టి పెచ్చు ఆగుతుంది, టీడీఎస్ మీటర్ నంబర్ మాత్రం తగ్గదు, ఫ్లోరైడ్ కూడా పోదు. ఆర్‌వో మూడింటినీ తీస్తుంది, కానీ కొన్ని నీళ్లిచ్చి అంతకంటే ఎక్కువ బయట పారబోస్తుంది. 550 మిల్లీమీటర్ల వాన పడే చోట దాన్ని బట్టలుతకడానికి పెట్టుకోలేం, తాగడానికి అవసరమైతే పెట్టుకోవాలి.

ఆ అవసరం ఉందా లేదా అన్నదే మిగిలింది. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో నీళ్లు పరీక్షించే కిట్లు ఇచ్చి, ఊరికి ఐదుగురు ఆడవాళ్లకి నేర్పించాలని పెట్టారు. గ్రామీణ నీటి సరఫరా శాఖకి ల్యాబ్‌లు కూడా ఉన్నాయి. అమ్మకి ఫోన్ చేసి చెప్పా. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ బాటిలే కావాలి, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. కూల్‌డ్రింక్ వాసన లేని బాటిల్ చూసి, అదే కొళాయి నీళ్లతో మూడుసార్లు తొలిచి, అంచుదాకా పట్టాలి. మీద తేదీ, ఏ బోరు నీళ్లో రాయాలి.

"అవ్వ చిన్నప్పటి నుంచి తాగిన బావి నీళ్లు కూడా ఒక బాటిల్ పట్టేదా?" అని అడిగింది అమ్మ. నాకు ఆ ఆలోచనే రాలేదు. పూడిపోకుండా ఉంటే పట్టమని చెప్పా.

సోమవారం మా తమ్ముడు రెండు బాటిళ్లూ ఇచ్చి వస్తాడు. అప్పటిదాకా అవ్వకి, అందరికీ ఆర్‌వో ప్లాంటు నుంచి తెచ్చే 20 లీటర్ల క్యానే. రిపోర్టులో ఫ్లోరైడ్ ఎక్కువ అని వస్తే మళ్లీ మేమే పోయి ఒక ఆర్‌వో మెషిన్ కొనుక్కోవాలి. అప్పుడు అమ్మ నన్ను ఏమంటుందో నాకు ఇప్పుడే వినపడుతోంది.